ఏడో గదిలో ఆవగింజ

ఆ రోజు బాబ్జీ పట్టుకున్న మొదటి అబద్ధం తన క్లయింటుదే. డిటెక్టివ్ వృత్తిలో అది వింతేమీ కాదు. కానీ కళ్ళు తుడుచుకుంటున్న మనిషి చేతిరాతలో అబద్ధం దొరికితే, పట్టుకున్నవాడికే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మంగళవారం, ఉదయం పది ఇరవై. బెడోక్‌లో ఆమని ఫ్లాటు. టీవీ పక్కన స్టూలు మీద తెల్లటి పింగాణీ డబ్బా, దాని ముందు చిన్న దీపం. డబ్బాలో ఉన్నది జున్ను బూడిద అన్నారు బోర్డింగువాళ్ళు. జున్ను ఆమని కుక్క. మీగడ రంగు, పదహారు కిలోలు, మూడేళ్ళ వయసు, ఫలానా జాతి అని చెప్పుకోవడానికి లేని వీధి సంతానం. లైసెన్సు ఉంది, మెడ చర్మం కింద చిప్పు ఉంది, టీకాల కార్డు ఉంది. కుక్క మాత్రం లేదు.

ఆమని చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూసే అమ్మాయి. సొంతూరు హనుమకొండ. పిన్ని కూతురి పెళ్ళికి పది రోజులు వెళ్తూ, మొన్నటిది కాక అంతకు ముందటి శనివారం సాయంత్రం అయిదింటికి జున్నుని సెంబవాంగ్‌లో ఊరెళ్ళేవాళ్ళ కుక్కల్ని ఉంచుకునే ఒక బోర్డింగులో అప్పగించింది. గురువారం ఇక్కడి మధ్యాహ్నం పన్నెండు అయిదుకి, అంటే హనుమకొండలో ఉదయం తొమ్మిదీ ముప్ఫై అయిదుకి, పెళ్ళిపందిట్లో ఉండగా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. రాత్రి నిద్రలో గుండె ఆగిందట. పొద్దున్నే చూశారట. దహనం కూడా అయిపోయిందట. ఆమని ఆ రాత్రికే విమానం ఎక్కింది. ఎక్కి ఏం లాభం, చేతికి వచ్చింది డబ్బా.

"నాకు నమ్మబుద్ధి అయితలేదు అంకుల్," అంది ఆమని. "మూత తీసి వాసన చూసిన. బూడిదకు వాసన ఉండదని నాక్కూడ తెలుసు. అయినా చూసిన."

"నమ్మబుద్ధి కాకపోడం సాక్ష్యం కాదమ్మా," అన్నాడు బాబ్జీ. అనేశాక తనమీద తనకే విసుగొచ్చింది. అరవై ఒక్క ఏళ్ళొచ్చాయి, అందులో ముప్ఫై ఏళ్ళు పోలీసు ఉద్యోగం, ఇంకా మాట్లాడ్డం రాలేదు. తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడి నేవల్ బేస్‌లో పనికి వచ్చినవాడు. ఆ యాస మనవడి నోట్లో ఇంకా బతికే ఉంది, మెత్తదనం మాత్రం ఎక్కడో జారిపోయింది.

ఆయన చేతిలో బోర్డింగు అడ్మిషన్ ఫారం నకలు ఉంది. 'ఆహారం' అన్నచోట ఆమని గుండ్రటి అక్షరాలు: డ్రై ఫుడ్, రోజుకి రెండుసార్లు, గిన్నెలో. బాబ్జీ లేచి వంటింట్లోకి వెళ్ళి, అయిదు నిమిషాలు ఉండి, తిరిగొచ్చాడు.

"మీ ఇంట్లో నీళ్ళ గిన్నె ఉంది. తిండి గిన్నె లేదు. డ్రై ఫుడ్ సంచి ఉంది, సీలు తియ్యలేదు. డేటు చూస్తే నిరుడు కొన్నది. మూడేళ్ళు ఏటి తిన్నాడమ్మా వాడు, గాలి భోంచేసినాడా?"

ఆమని తల దించుకుంది.

"నేను పెడ్త," అంది చివరికి. "పెరుగన్నంల ఉడకబెట్టిన చికెన్ కలిపి, ముద్దలు చేసి, చేత్తోటి."

"గిన్నెలో పెడితే?"

"ముట్టడు. చచ్చినా ముట్టడు." ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమని పెదవి కొరుక్కుంది. "కార్ పార్కుల దొరికిండు అంకుల్, అట్టపెట్టెల. పార్వో జబ్బు ఉండె. బతకడన్నరు. ఇరవై రోజులు మొదట సిరంజితోటి, తర్వాత చేత్తోటి పెట్టిన. బతికిండు. అలవాటు పోలేదు. ముద్ద తీసుకునే ముందు నా చెయ్యి వాసన చూస్తడు, చూసి అప్పుడు తింటడు. అన్నం మాన్పియ్యాలె అని డాక్టర్ రెండుసార్లు కోప్పడ్డడు. మాన్పిస్త అని మాటిచ్చిన."

"మరి ఫారంలో ఇలా ఎందుకు రాసినావు?"

"నా ముందల ఒకామె తెల్ల పూడిల్‌ని తెచ్చింది. దానికి మూడు రకాల ఫుడ్డు, గ్రాముల లెక్కన రాస్తున్నది. అక్కడ నిలబడి, ఇంత పెద్ద కుక్కకు గోరుముద్దలు పెడ్తనని ఎట్ల చెప్పాలె? నవ్వుతరని సిగ్గయింది. వాళ్ళందరి లెక్క రాసిన."

బాబ్జీ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సిగ్గుపడి నువ్వు అబద్ధం చెప్పింది బోర్డింగువాళ్ళకి కాదమ్మా. వాడికి," అన్నాడు. ఆమని ఈసారి ఏడ్చింది, చప్పుడు లేకుండా. ఆయన ఆపలేదు. ఏడవాల్సినవాళ్ళు ఏడవాలి. అయితే లోపల డిటెక్టివ్ బుర్ర అప్పటికే పరుగు మొదలుపెట్టింది. గిన్నె ముట్టని కుక్క అయిదు రాత్రులు ఒక బోర్డింగులో ఉంది. అక్కడివాళ్ళు దానికేం పెట్టారు? పుస్తకంలో ఏం రాసుకున్నారు?

వెళ్ళబోతుంటే ఆమని గుమ్మం దాకా వచ్చింది. "ఇంకొకటి అంకుల్. బోర్డింగు తరఫున తిరుమలేష్ సార్ అని పొద్దున తొమ్మిదింటికి వచ్చిన్రు. మస్తు మంచిగ మాట్లాడిన్రు. మూడింటికి మళ్ళ వచ్చి, నాకేం కంప్లయింట్ లేదని కాగితం మీద సంతకం తీస్కుంటరంట. జున్ను గుర్తుగ అద్దాల పెట్టె చేసిస్తమని, అందుల పెట్టనీకి నా చున్నీ తీస్కపోయిన్రు."

తిరుమలేష్ పేరు వినగానే బాబ్జీ చెప్పులో కాలు పెట్టడం ఆపేశాడు. "నేను ఫోన్ చేసేదాకా సంతకం పెట్టకు," అన్నాడు. "మూడు దాటినా సరే."

*

పన్నెండు నలభై. బోర్డింగు ఆఫీసు. ఓనర్ కౌశిక్‌కి ముప్ఫై ఉంటాయి. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబులు ఇంగ్లీషులోనే, ఇక్కడివాళ్ళ 'లా' తగిలించుకుని, దొర్లుతాయి. గోడ నిండా నవ్వుతున్న కుక్కల ఫోటోలు. నవ్వుతున్న కౌశిక్ ఫోటో ఒకటి వాటి మధ్యలోనే ఉంది.

"అంకుల్, ఐ ఆల్రెడీ టోల్డ్ హర్ ఎవ్రీథింగ్ లా. వెరీ సారీ కేస్."

"నాకు చెప్పలేదు కదా తంబీ. గురువారం ఎన్నింటికి చూసినారు?"

"సిక్స్ ఫార్టీ."

"దహనం?"

"టెన్ థర్టీ."

"ఆ అమ్మాయికి కబురు పన్నెండు అయిదుకి. మధ్యలో అయిదుగంటల పైన ఉంది. దహనం చేసేముందు ఒక్క ఫోన్ చెయ్యలేదేం?"

"టైమ్ డిఫరెన్స్, అంకుల్. షీ మస్ట్ బీ స్లీపింగ్, పూర్ థింగ్."

"మీ పదిన్నర అక్కడ ఎనిమిది. పెళ్ళింట్లో ఎనిమిదింటిదాకా ఎవరు పడుకుంటారు తంబీ? వంటవాళ్ళు కూడా పడుకోరు."

కౌశిక్ నీళ్ళు తాగాడు. బాబ్జీ రోజువారీ చార్టు అడిగాడు. ఇవ్వడానికి అతను తటపటాయించలేదు, సంతోషంగానే ఇచ్చాడు. ఏడో గది, పేరు జున్ను. శనివారం సాయంత్రం నుంచి బుధవారం సాయంత్రం దాకా తొమ్మిది పూటలు. తొమ్మిది చోట్లా 'ఫుల్', పక్కన టిక్కు. గిన్నె మొత్తం తినేశాడని అర్థం.

"బాగా తిన్నాడన్నమాట."

"గుడ్ ఈటర్. చాలా హ్యాపీగా ఉన్నాడు లా, ఎవ్రీబడీ లవ్డ్ హిమ్."

"గిన్నెలోనే?"

"ఆఫ్‌కోర్స్ గిన్నెలోనే. ఎల్స్ హౌ?"

బాబ్జీ చార్టుని వెలుతురుకి ఎత్తి చూశాడు. తొమ్మిది టిక్కులూ ఒకే పెన్ను, ఒకే ఊపు. అయిదు రోజుల పని ఒక్క కూర్చోడంలో అయిపోయింది. పుట్టి బుద్ధెరిగాక గిన్నెలో మూతి పెట్టని కుక్క ఇక్కడ తొమ్మిది పూటలు గిన్నెలు నాకేసిందట. ఆకలితో ఉన్న ప్రాణి పేరు పక్కన 'ఫుల్' అని రాసిన చెయ్యి ఎవరిదోగానీ, దాన్ని చూస్తే బాబ్జీకి ఒళ్ళు మండింది.

"సర్!" తలుపు దగ్గర్నుంచి హుషారైన గొంతు. "మీరు రిటైర్ అయిపోయారనుకున్నా లా."

తిరుమలేష్. నలభై అయిదేళ్ళు, ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు. ఇప్పుడు పదిమంది పనిచేసే డిటెక్టివ్ ఏజెన్సీకి యజమాని. ఒకప్పుడు పోలీసు కుక్కల విభాగంలో బాబ్జీ కింద శిష్యుడు. కుక్క మెడపట్టీ ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి బాబ్జీయే నేర్పాడు. ఎడమ చేతిలో ఫైలు, కుడి చేతిలో జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి. అందులో మడత పెట్టిన పసుపు గుడ్డ. ఆమని చున్నీ కాబోలు.

"అద్దాల పెట్టె వ్యాపారం ఎప్పుడు మొదలెట్టినావు?" అన్నాడు బాబ్జీ.

"పాపం సర్, ఆ అమ్మాయి. ఏదో గుర్తు ఉంటే ఊరట కదా." తిరుమలేష్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మీరేమో లేని ఆశ పెడుతున్నారు. వీధికుక్కని ఎవరు దొంగిలిస్తారు సర్? ఎవరు చంపుతారు? చచ్చిపోయింది. ఓనర్ కాన్ట్ లెట్ గో. మీకు ఆ బాధ తెలుసు. మీరు ఇంకా రాజా దగ్గరే ఆగిపోయారు."

బాబ్జీ చార్టు మడిచి కౌశిక్ ముందు పెట్టాడు. కాదనడానికి లేదు, అది నిజం.

రాజా ఆల్సేషియన్. ఎనిమిదేళ్ళు ఆయన పక్కన నడిచింది. దానికి రిటైర్మెంట్ ఇచ్చిన రోజుల్లో ఫ్లాట్లలో అంత పెద్ద కుక్కకి అనుమతి లేదు. తోట ఉన్న ఇంటివాళ్ళెవరో తీసుకున్నారు. మంచివాళ్ళే. మూడు రోజులు అన్నం ముట్టలేదని ఫోన్ చేశారు. బాబ్జీ ఒంటిమీది యూనిఫాం చొక్కా విప్పి, ఉతక్కుండా, వాసన పోకుండా సంచిలో మూసి, తిరుమలేష్ చేత పంపించాడు. చొక్కా పరిచాక కుక్క దాని మీద పడుకుని తిన్నదట. మీరు మాత్రం రావద్దు, వస్తే మళ్ళీ మొదటికొస్తుంది అన్నారు. బాబ్జీ వెళ్ళలేదు. రెండేళ్ళు ఆ చొక్కా గేటు దగ్గరే ఉందనీ, కుక్క కూడా గేటు దగ్గరే ఉండేదనీ అది పోయాక తెలిసింది. ఒక్కసారి వెళ్ళి ఉంటే బాగుండేది. ఈ వాక్యం పదిహేనేళ్ళుగా ఆయన లోపల తిరుగుతూనే ఉంది. ఇప్పటికీ రైల్లో ఎవరైనా పెద్ద కుక్క మాట ఎత్తితే ఆయన దిగాల్సిన స్టేషను దాటిపోతాడు.

"ఏడో గది చూస్తాను," అన్నాడు.

"పది నిమిషాలు సర్. తర్వాత ఇది ప్రైవేట్ ప్రాపర్టీ." తిరుమలేష్ వాచీ చూసుకున్నాడు. "నాకూ రెండింటికి వేరే పని ఉంది."

వెనక వైపు వరసగా పన్నెండు గదులు. మూడడుగుల వెడల్పు, ఇనుప జాలీ తలుపులు. ఏడో దానిలో కుక్క లేదు. నేల కడిగి, డెట్టాలు కొట్టి, తళతళలాడుతోంది. ఎవరో వచ్చి చూస్తారని తెలిసి కడిగిన శుభ్రం అది. కౌశిక్, తిరుమలేష్ చేతులు కట్టుకుని వెనకే నిలబడ్డారు. బాబ్జీ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మోకాళ్ళు రెండూ గట్టిగా నిరసన తెలిపాయి.

మొదట గడియ చూశాడు. మిగతా పదకొండు తలుపులకీ తుప్పు పట్టిన గడియలు. ఏడో దానికి కొత్తది, స్క్రూల చుట్టూ ఇంకా లోహపు పొడి ఉంది.

"ఇదెప్పుడు మార్చినారు?"

"రెగ్యులర్ మెయింటెనెన్స్ లా," అన్నాడు కౌశిక్.

"పన్నెండింట్లో ఒక్కదానికేనా?"

బాబ్జీ జాలీ కింది కమ్మీ వెంట వేలు పోనిచ్చాడు. నీళ్ళు పైనుంచి కొట్టారు, కమ్మీ కింది అంచుకి తగల్లేదు. అక్కడ వేలికి గరుగ్గా ఏదో తగిలింది. గోటితో గీకి అరచేతిలో వేసుకున్నాడు. ఎండిన అన్నం మెతుకులు మూడు. వాటికి అంటుకుని, వేగి చిట్లిన ఆవగింజ ఒకటి.

"బయటి తిండి లోపలికి రానిస్తారా తంబీ?"

"నో నో. స్ట్రిక్ట్ రూల్. ఓన్లీ డ్రై ఫుడ్."

"చూసినావు కదా, రూల్ ఎంత స్ట్రిక్టో," అని బాబ్జీ ఆవగింజని రుమాల్లో చుట్టుకున్నాడు. తిరుమలేష్ మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మాత్రం రుమాలు వెంటే వెళ్ళాయి.

మెతుకులు నేల మీద లేవు. జాలీ కింది కమ్మీకి, బయటి వైపు, పడుకున్న కుక్క మూతి ఎత్తులో అంటుకున్నాయి. అంటే ఎవరో బయట కూర్చుని, జాలీ సందులోంచి చెయ్యి పెట్టి ముద్ద తినిపించారు. తాలింపు వేసిన పెరుగన్నం. మనవాళ్ళెవరో ఈ చోట పనిచేస్తున్నారు.

బయటికి వెళ్ళే దారిలో పనివాళ్ళ అల్మరా ఉంది. పైన రెండు ప్లాస్టిక్ డబ్బాలు, కింద ఒక స్టీలు టిఫిన్ క్యారియర్. బాబ్జీ బయటికెళ్ళి వీధి మలుపులో బస్టాపు బెంచీ మీద కూర్చున్నాడు. ఒంటిగంటా నలభై అయిదుకి, అరవై దాటిన ఒక మనిషి గొడుగు వేసుకుని, ఆ స్టీలు క్యారియర్ పట్టుకుని గేటు దాటింది. లోపల ఏసీ ఉన్న గది వదిలేసి మండుటెండలో మకాన్‌కి, అదే భోజనానికి, ఎవరు వెళ్తారు? బాబ్జీ లేచాడు.

*

ఆమె ఎటూ చూడకుండా నడిచి, రెండు మలుపులు తిరిగి, కాంక్రీటు కాలవ గట్టు మీద రెయిలింగు దగ్గర ఆగింది. క్యారియర్ మూత తీసి, కిందికి కాదు, కాలవ వెంబడి దూరానికి చూస్తూ నిలబడింది. రెండు గంటలయింది. రెండూ అయిదు అయింది. ఆమె తినలేదు.

"ఎవరికోసం అక్కా?" అన్నాడు బాబ్జీ.

ఆమె ఉలిక్కిపడింది. చేతిలోని మూత కాలవలో పడి, జానెడు నీళ్ళలో చప్పుడు చేసింది. "నువ్వెవలు బాబూ?"

"మా తాతది శ్రీకాకుళం. బేస్‌లో పంచేసినాడు. నువ్వూ ఆ క్వార్టర్స్ మనిషివే అనుకుంటాను, మాట చూస్తే." బాబ్జీ రుమాలు విప్పి ఆవగింజ చూపించాడు. "ఇది నీ తాలింపులోదేనా?"

ఆమె పేరు రాజమ్మ. బోర్డింగులో గదులు కడుగుతుంది. పదకొండేళ్ళ పని. ఆవగింజని చూసి రెయిలింగు పట్టుకుని అక్కడే కూలబడిపోయింది.

"నానేటీ తప్పు సెయ్యలేదు బాబూ. ఆ కుక్క ఏటీ తిన్లేదు. మూడు దినాలు. గిన్నె ఎట్టినోళ్ళు ఎట్టినట్టే తీసీసి, పుస్తకంలో రాసీనోరు. నాను మంగళారం నా అన్నం ముద్ద సేసి సూపించినాను. ముందు నా సెయ్యంతా వోసన సూసింది. సూసి, ఇది కాదన్నట్టు నా మొగం సూసింది. ఆనక తిన్నాది. నాకు ఏడుపొచ్చీసింది."

చెయ్యి వాసన చూస్తాడని ఆమని అన్న మాట ఎవరూ ఈమెకి చెప్పలేదు. చెప్పే ఫారం ఒకటి ఉంది, అందులో ఆ మాట రాయలేదు. ఒక్క వరస రాసుంటే మూడు రోజుల ఆకలి తప్పేది.

"గురువారం ఏమైంది అక్కా?"

"పొద్దున్నే గడియ ఊడిపోనాది. అదెప్పుడో సడిలిపోనాదని నాను రెండుమాట్లు సెప్పినాను. గేటు తీసుంది, లగెత్తీసింది. ఇటే, ఈ లాంగ్‌కాంగ్ ఎంబడే." ఆమె కాలవ వైపు చెయ్యి చూపించింది. "ముందు దినం ఒక ముసిలికుక్క సచ్చిపోతే దాని వోళ్ళు బూడిద ఒద్దన్నారు. ఆ డబ్బాయే ఈ కుక్క తాలూకు పిల్లకిచ్చినారు. నాను ఇన్నాను బాబూ, ఓనరు ఫోన్లో అన్నాడు, డెడ్ మీన్స్ డెడ్ అని. నా పని పోద్దని నోరు ఇప్పలేదు. పాపం మూటగట్టుకున్నాను."

కౌశిక్ లెక్క బాబ్జీకి అర్థమైంది. తప్పిపోయిన కుక్క అంటే పోస్టర్లు, ఫిర్యాదులు, తనిఖీలు. చచ్చిపోయిన కుక్క అంటే ఒక సారీ, ఒక డబ్బా. ఎవరికీ అక్కర్లేని ముసలి ప్రాణం బూడిద ముందు ఆమని అయిదు రోజులుగా దీపం పెడుతోంది.

"అయితే జున్ను బతికున్నాడు."

"నిన్న రెండింటికి నా సేతిలో తిన్నాది. రోజూ రెండింటికే ఒస్తాది. కింద ఎడితే తిన్దు, సేత్తో ఎట్టాల. పట్టుకుందారంటే దొరకదు, తినీసి ఎల్లిపోద్ది." రాజమ్మ లేచి మళ్ళీ దూరానికి చూసింది. "ఏ దినమూ రెండు దాట్లేదు. ఇయాల ఒచ్చింది కాదు."

రెండూ పన్నెండు. బాబ్జీ ఫోన్ తీశాడు. ఆమని మొదటి రింగులోనే ఎత్తింది.

"అమ్మా, కూర్చుని విను. జున్ను బతికే ఉన్నాడు."

అవతల స్టూలు జరిగిన చప్పుడు, ఆ తర్వాత ఊపిరి. బాబ్జీ ఏ ప్రశ్న వస్తుందో అని ఎదురుచూశాడు. ఎక్కడ, ఎట్లా, ఎవరు చేశారు. ఏదీ రాలేదు.

"అన్నం తిన్నడా అంకుల్?"

"తింటున్నాడు," అన్నాడు బాబ్జీ. "నీలాగే చేత్తో పెట్టిన తల్లి ఒకామె ఉంది. నువ్వు వెంటనే బయల్దేరు. ఆ కాగితం చించి పారెయ్యి."

"మూడింటికి ఆ సార్ వస్తరు కద..."

'నాకూ రెండింటికి వేరే పని ఉంది.' తిరుమలేష్ అన్నమాట బాబ్జీ చెవిలో ఇప్పుడే పడ్డట్టు వినిపించింది.

"ఆమనీ, జాగ్రత్తగా గుర్తు చేసుకో. చున్నీ నువ్వే ఇస్తానన్నావా, ఆయన అడిగినాడా?"

"ఆయనే అడిగిన్రు. నేను ఉతికి ఇస్త అన్న. వద్దు, వేసుకుని విడిచింది ఏదన్న ఉంటె అదే ఇయ్యిమన్నరు. ప్లాస్టిక్ సంచి కూడ ఆయనే తెచ్చుకున్నరు. ఎందుకు అంకుల్?"

అద్దాల పెట్టెలో పెట్టే గుడ్డకి వాసన ఎందుకు? చచ్చిపోయిందని నమ్మినవాడు ఉతకని చున్నీ అడగడు. తిరుమలేష్‌కి కుక్క బతికున్న సంగతి పొద్దున తొమ్మిదింటికే తెలుసు. రాజమ్మ రోజూ రెండింటికి క్యారియర్ పట్టుకుని ఎక్కడికి వెళ్తోందో కూడా గమనించే ఉంటాడు. చిప్పు ఉన్న కుక్క ఎవరి చేతికి దొరికినా, ఒక్క స్కాన్‌తో కౌశిక్ బండారం బయటపడుతుంది. అందుకని ముందు తను పట్టుకోవాలి. పట్టుకుని ఏం చేస్తాడో ఆలోచించడానికి బాబ్జీకి ధైర్యం చాలలేదు. డెడ్ మీన్స్ డెడ్. వాసన పోకుండా సంచిలో మూసే పద్ధతి ఎవరు నేర్పారో మాత్రం ఆలోచించనక్కర్లేదు. తన చొక్కాతోనే నేర్పాడు.

"బాబూ!" రాజమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "అద్గో!"

కాలవ అవతలి గట్టున, ఎడమ పక్కకి నలభై గజాల్లో, రెయిలింగు కింది కమ్మీకి పసుపుపచ్చగా ఏదో కట్టి ఉంది. దాని వెనక, పొదల్లో సగం దాచిన ఇనుప బోను, తలుపు పైకెత్తి. దానికేసి ఒక మీగడరంగు కుక్క నడుస్తోంది. డొక్కలు లోపలికి పోయాయి, ఒక కాలు కొంచెం ఈడుస్తోంది. అయినా తోక ఊగుతోంది. అయిదు రోజులు ఎవరికీ చిక్కని కుక్క, పరిగెత్తకుండా, చుట్టూ చూడకుండా, తిన్నగా ఆ గుడ్డ దగ్గరికి పోతోంది. ఇల్లు దొరికిందనుకుంటోంది.

వంతెన చాలా దూరం. పరిగెత్తి లాభం లేదు.

"ఆమనీ, ఫోన్ స్పీకర్లో పెడుతున్నాను. వాణ్ణి పిలు. ఎంత గట్టిగా పిలవగలిగితే అంత గట్టిగా."

"ఏమైంది అంకుల్? వాడు కనిపిస్తుండా?"

"పిలు తల్లీ!"

ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరం కాలవ మీదికి పట్టుకున్నాడు. చిన్న ఫోనులోంచి ఆ అమ్మాయి గొంతు పగిలిపోతూ వచ్చింది. "జున్నూ! జున్ను నాన్నా! రారా, ముద్ద పెడ్త, రారా!"

కుక్క ఆగింది. ముందు కాళ్ళు రెండూ అప్పటికే బోను అంచు మీద ఉన్నాయి. చెవులు నిక్కబొడుచుకుని తల ఇటు తిప్పింది. ముక్కు చెప్తున్న మనిషి అటు, చెవులు చెప్తున్న మనిషి ఇటు. నడుమ ఇద్దరు మనుషుల లోతు కాలవ. అది కుయ్యిమని సన్నగా ఏడ్చింది.

పొదల వెనక తిరుమలేష్ లేచి నిలబడ్డాడు. కుడి చేతిలో తాడు ఉంది, బోను తలుపుది. వెనక వ్యాను ఇంజను నడుస్తోంది. అతను బాబ్జీని చూశాడు. నవ్వలేదు.

"ఫోన్ ఆపెయ్యండి సర్!" అని అరిచాడు. "మీకు సంబంధం లేదు!"

బాబ్జీ ఫోన్ రాజమ్మ చేతిలో పెట్టాడు. చెప్పులు విడిచాడు. రెయిలింగు మీద ఒక కాలు వేసి, కాలవలోకి దిగే ఇనుప నిచ్చెన మెట్టు కోసం రెండో కాలితో తడుముకున్నాడు. రెండేళ్ళు ఒక గేటు దగ్గరికి వెళ్ళలేకపోయిన కాళ్ళు అవి.

"అంకుల్," ఫోనులో ఆమని ఎక్కిళ్ళ మధ్య అడిగింది, "వాడు వింటున్నడా?"

"వింటున్నాడమ్మా," అన్నాడు బాబ్జీ, కిందికి దిగుతూ. "పిలవడం ఆపకు."